ఏడాది థెరపీ తర్వాత తెలిసింది, బాబు అంగిట్లో చీలిక ఉందని!

ప్రశ్న: మాది గుంటూరు. మావారు విజయవాడలో ఉద్యోగం చేస్తారు, రోజూ రైల్లో వెళ్లొస్తారు. మా బాబు 2020 మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో పుట్టాడు. ఇప్పుడు ఒకటో తరగతి. మాటలు సమయానికే వచ్చాయి గానీ స్పష్టంగా ఉండవు. అంతా ముక్కుతో మాట్లాడతాడు. బాబాయిని ‘మామాయ్’ అంటాడు, తాతని ‘నాన’ అంటాడు, బడిని ‘మణి’ అంటాడు. అమ్మ, నాన్న, మామ అనే మాటలు మాత్రం చక్కగా పలుకుతాడు. ‘కాకి’ అనమంటే గొంతు పట్టేసినట్టు ఆగి ‘ఆ... ఇ’ అంటాడు. చిన్నప్పుడు అందరం ముద్దుచేసి నవ్వుకునేవాళ్లం. బళ్లో వేశాక పిల్లలు వెక్కిరించడం మొదలైంది. ఏడాదిపాటు స్పీచ్ థెరపీకి తిప్పాం. కొవ్వొత్తులు ఆర్పించారు, ఈలలు ఊదించారు, స్ట్రాతో నీళ్లలో బుడగలు వేయించారు. రబ్బరు బుడగ ఊదడం ఇప్పటికీ రాదు వాడికి. మాటలో మార్పు లేదు. వాడే శ్రద్ధ పెట్టడం లేదనుకుని చాలాసార్లు కసిరాను. రెండు మూడుసార్లు స్కేలుతో కొట్టాను కూడా.

పోయిన నెల పంటి నొప్పి అంటే అరండల్‌పేటలో ఒక డెంటల్ డాక్టరుగారికి చూపించాం. ఆవిడ లైటు వేసి చూసి, కొండనాలుక రెండుగా చీలి ఉందన్నారు. అంగిలి మధ్యలో నీలంగా గీత ఉందని నాకూ చూపించారు. వేలితో తడిమి, ‘లోపల చీలిక ఉన్నట్టుంది, మాట తేడా దీనివల్లే కావచ్చు, ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. చంటిబిడ్డగా ఉన్నప్పుడు తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. పాలు ఎక్కువై అలా వస్తాయన్నారు అందరూ. చెవిలో చీము కూడా తరచూ వచ్చేది. ఇప్పుడు మా అత్తగారు, 2019 డిసెంబరులో గ్రహణం రోజు నేను ఐదో నెల గర్భంతో కత్తిపీట ముందు కూర్చున్నాననీ, ఇది గ్రహణ దోషమనీ అంటున్నారు. మావారేమో పెద్దయితే అదే సర్దుకుంటుంది, ఆపరేషన్ ఎందుకంటున్నారు. నాలుక కింద తీగ కోయించమని ఒకరు, వస పొయ్యమని ఒకరు. నా వల్లే ఇలా అయిందా? ఇన్నేళ్లూ ఎవరి కంటా ఎందుకు పడలేదు? ఇంకో సంగతి. గురక పెడుతున్నాడని, నోరు తెరిచి నిద్రపోతున్నాడని వేరే డాక్టరుగారికి చూపిస్తే అడినాయిడ్స్ తీసెయ్యాలని వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. అవి తీసేస్తే మాట కూడా బాగవుతుందా?

ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు చివర్లో ‘ఇంకో సంగతి’ అని రాసిన దానితోనే మొదలుపెడతాను. మిగతావాటికి కాస్త వ్యవధి ఉంది, దానికి లేదు. అడినాయిడ్స్ ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీని ప్రస్తుతానికి ఆపించండి. ఆ డాక్టరుగారికి రేపే ఫోన్ చేసి, ‘బాబుకి కొండనాలుక చీలి ఉందట, అంగిలి లోపల చీలిక ఉందేమోనని అనుమానం చెప్పారు, ముందు అది తేలాక అడినాయిడ్స్ సంగతి చూద్దాం’ అని ఇదే మాట చెప్పండి. ఏ ఈఎన్‌టీ డాక్టరైనా ఈ ఒక్క మాట వింటే ఆగుతారు.

ఎందుకో చెబుతాను. అడినాయిడ్స్ అంటే ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే మెత్తటి కండ. మనం మాట్లాడేటప్పుడు అంగిలి వెనక భాగం, అంటే ఎముక లేని మెత్తటి భాగం, పైకి లేచి గొంతు వెనక గోడకు ఆనుతుంది. అలా ఆనినప్పుడే గాలి ముక్కులోకి పోకుండా నోట్లోకి వస్తుంది. మీ బాబుకి ఆ అంగిలి బలంగా లేవడం లేదనిపిస్తోంది. గోడ దాకా అందడం లేదేమో. గోడకు ముందు అడినాయిడ్స్ దిండులా ఉబ్బి ఉండబట్టి, అంగిలి ఆ కాస్త దూరమైనా అందుకుంటూ ఉండవచ్చు. ఆ దిండు కూడా తీసేస్తే సందు ఇంకా పెద్దదవుతుంది, ముక్కుమాట ఎక్కువవుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు అన్నది అచ్చంగా ఇలాంటి చోటే. అంగిట్లో లోపం ఉందని తెలియక అడినాయిడ్స్ తీయించాక, అప్పటిదాకా కొద్దిగా ఉన్న ముక్కుమాట ఒక్కసారిగా పెరిగిన పిల్లలున్నారు. ఈ ఆపరేషన్‌కి ముందు కొండనాలుక, అంగిలి తప్పకుండా చూడాలని వైద్య విద్యార్థులకు నేర్పేది అందుకే.

అలాగని గురకను వదిలెయ్యమనడం లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నాడా, ఉలిక్కిపడి లేస్తున్నాడా, పగలు మగతగా ఉంటున్నాడా, ఇవి గమనించి డాక్టరుకు చెప్పండి. మరీ అవసరమైతే, అంగిలి ఆనే కింది భాగాన్ని ఉంచి పైభాగం మాత్రమే తీసే పద్ధతి ఉంది. అది అంగిలి సంగతి తెలిసిన సర్జన్ ఆలోచించి చేయాల్సిన పని. గురక డాక్టరు, అంగిలి డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మాత్రం మీ బాబుకి ఏ ఆపరేషనూ జరగకూడదు.

ఇక ఇన్నేళ్లూ ఎవరి కంటా ఎందుకు పడలేదన్నారు. మామూలుగా అంగిలి చీలిక అంటే నోరు తెరవగానే కంత కనిపిస్తుంది, పుట్టిన రోజే తెలిసిపోతుంది. మీ బాబుకి ఉందని అనుమానిస్తున్నది వేరే రకం. డాక్టర్లు సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ అంటారు. పైన పొర కలిసే ఉంటుంది, దాని వెనక కండలు మాత్రం మధ్యలో కలవవు. చొక్కాకి పైన బట్ట నున్నగానే కనిపిస్తుంది, లోపల కుట్టు పడలేదు, అలాంటిది. లైటు వేసి చూస్తే అంగిలి మధ్యలో పొర పలచగా, నీలంగా గీతలా కనిపించడం ఒక గుర్తు. కొండనాలుక చీలి ఉండటం రెండోది. గట్టి అంగిలి వెనక అంచున వేలికి చిన్న నొక్కులా తగలడం మూడోది. మీ డెంటల్ డాక్టరుగారు ఈ మూడూ వెతికారు. టాన్సిల్స్ చూడటానికి నాలుకను నొక్కి అటూ ఇటూ చూసేవాళ్లకి ఇవి తప్పిపోవడం వింత కాదు. పైగా కొందరు పిల్లల్లో పైకి ఏ గుర్తూ ఉండదు, కెమెరాతో ముక్కులోంచి చూస్తేనే తెలుస్తుంది. మీ బాబు పుట్టింది కూడా ఆసుపత్రికి వెళ్లడానికే అందరూ భయపడ్డ రోజుల్లో.

ఒక్క విషయం. చీలిన కొండనాలుక ఒక్కటే ఉన్నవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లలో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ ఉండదు, మాట బాగానే ఉంటుంది. కాబట్టి ఇది చదివి అద్దం ముందు నోళ్లు తెరిచి చూసుకుని ఎవరూ బెంగపడకండి. మీ బాబు విషయంలో కొండనాలుకతో పాటు ముక్కుమాట ఉంది, చిన్నప్పుడు పాలు ముక్కులోంచి రావడం ఉంది, చెవిలో చీము ఉంది. ఇవన్నీ ఒకే చోటికి తీసుకెళుతున్నాయి. చంటిపిల్లలు పాలు కక్కేటప్పుడు ఎప్పుడో ఒకసారి ముక్కులోంచి రావడం మామూలే. తాగుతున్నప్పుడల్లా రావడం మామూలు కాదు. ఇది చదివే బాలింతలు, వాళ్ల అమ్మలు, అత్తలు దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ ‘మామాయ్’ మాట. మీరు డాక్టరు కాకపోయినా రోగనిర్ధారణ మొత్తం ఆ నాలుగు మాటల్లో రాసేశారు. బ అనాలంటే పెదవులు మూసి, వాటి వెనక గాలిని బిగబట్టి వదలాలి. ఆ గాలి ముక్కులోకి జారిపోతే పెదవులు మూసుకున్నా బ రాదు, మ వస్తుంది. అలాగే త పలకబోతే న వస్తుంది, డ పలకబోతే ణ వస్తుంది. బాబాయ్ మామాయ్ అయింది, తాత నాన అయ్యాడు, బడి మణి అయింది. నాలుక, పెదవులు వెళ్లాల్సిన చోటికే వెళుతున్నాయి చూశారా? వాడి ప్రయత్నంలో ఏ లోటూ లేదు. మ, న, ణ అక్షరాలకు గాలి ముక్కులోంచే పోవాలి కాబట్టి అమ్మ, నాన్న, మామ స్పష్టంగా ఉన్నాయి. బద్ధకంతో పలికే పిల్లవాడు అక్షరాలను ఇంత పద్ధతిగా, ప్రతిసారీ ఒకేలా మార్చడు.

‘కాకి’ దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగుతున్నాడన్నారు, అది ఇంకొంచెం లోతైన విషయం. నోట్లో గాలి నిలవడం లేదని పిల్లల శరీరానికి తెలిసిపోతుంది. అప్పుడు ఇంకా కిందికి, స్వరపేటిక దగ్గరకే వెళ్లి అక్కడ గాలిని టక్కున ఆపి శబ్దం పుట్టిస్తారు. ఎవరూ నేర్పకుండా వాళ్లంతట వాళ్లు కనిపెట్టుకున్న దారి అది. అలవాటుగా మారితే మాత్రం అంగిలి బాగైన తర్వాత కూడా పోదు. ఆపరేషన్ తర్వాత థెరపీ ఎందుకు కావాలో ఇక్కడే ఉంది.

ఇంట్లో ఒకటి చేసి చూడవచ్చు. చిన్న అద్దాన్ని గానీ, నున్నటి స్టీలు చెంచా వెనక భాగాన్ని గానీ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తుడిచి, ముక్కు కింద పట్టుకుని ‘పాపాపాపా’ అనమనండి. ఆవిరి పట్టకూడదు. పడితే గాలి ముక్కులోంచి కారుతోందన్నమాట. ‘మామామా’ అన్నప్పుడు అందరికీ పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత ముక్కు రెండు వేళ్లతో మెల్లగా మూసి ‘బాబాయ్’ అనమనండి. అప్పుడు బ వినపడితే లోపం ఎక్కడుందో మీ చెవులకే తెలుస్తుంది. ఆటలాగా ఒక్కసారి చేయించండి చాలు, వచ్చినవాళ్లందరి ముందూ చేయించవద్దు. డాక్టరు పరీక్షకు ఇది బదులు కాదు.

ఏడాది థెరపీ గురించి నాకు బాధా ఉంది, కోపమూ ఉంది. పిల్లల మాట చూసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి దాచుకోకుండా చెబుతాను. ఊదే వ్యాయామాలతో అంగిలి కండలు అతుక్కోవు. కొవ్వొత్తి ఆర్పడానికి అంగిలి లేచే తీరు వేరు, మాటకు లేచే తీరు వేరు. ఊదడం ఎంత బాగా వచ్చినా అది మాటలోకి రాదు. ఐదేళ్లు దాటిన పిల్లవాడికి బుడగ ఊదడం రావడం లేదంటే దాన్ని ఇంకో నెల సాధన చేయించకూడదు, నోరు తెరిచి చూడాలి. మాట స్పష్టంగా లేని ఏ బిడ్డకైనా మొదట చెవులు పరీక్ష చెయ్యాలి, నోటి లోపల చూడాలి. ఆ తర్వాతే పాఠాలు. వరస తప్పితే డబ్బు, కాలం పోవడం ఒక ఎత్తు, బిడ్డ తన వల్ల కాదని నమ్మేయడం ఇంకో ఎత్తు.

కానీ థెరపీ మీదే నమ్మకం పోగొట్టుకోకండి. అంగిలి సరిచేసిన తర్వాత గొంతులో ఆపే అలవాటును మాన్పించి, గాలిని నోట్లోకి తెచ్చుకోవడం నేర్పేది స్పీచ్ థెరపిస్టే. అది సర్జన్ కత్తితో అయ్యే పని కాదు. ఈసారి వెళ్లేటప్పుడు రెండు అడగండి. స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా, అంగిలి చీలిక ఉన్న పిల్లలతో పనిచేసిన అనుభవం ఉందా అని. అడగడానికి మొహమాటపడకండి. అర్హత ఉన్నవాళ్లు సంతోషంగా చెబుతారు.

చెవుల మాట వచ్చింది కాబట్టి అది కూడా. అంగిలి కండల్లో కొన్నింటికి మధ్యచెవి నుంచి గొంతులోకి వచ్చే సన్నటి గొట్టాన్ని తెరిచే పని కూడా ఉంది. ఆ కండలు సరిగ్గా లేకపోతే చెవిపొర వెనక జిగురునీరు చేరుతుంది. నొప్పి లేకపోవచ్చు, వినికిడి మాత్రం తగ్గుతుంది. టీవీ సౌండు పెంచమంటున్నాడా? వెనక నుంచి పిలిస్తే పలకడం లేదా? ఈ రెండింటికీ జవాబు ఏదైనా సరే వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ, చెవిపొర కదలికను చూసే టింపనోమెట్రీ చేయించండి. నొప్పి ఉండదు, కాసేపట్లో అయిపోతాయి. నీరుందని తేలితే ఆపరేషన్‌లోనే చెవిపొరలో చిన్న గొట్టం పెట్టి దాన్ని కూడా సరిచేసే వీలుంటుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గరలోనే దారులున్నాయి. గుంటూరు పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగం, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, రెండు ఊళ్లకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. మొదటి మెట్టు ఈఎన్‌టీ డాక్టరు. బాబు మాట్లాడుతుండగా సన్నటి కెమెరాను ముక్కులోంచి పంపి, అంగిలి గోడను అందుకుంటోందా, ఎంత సందు మిగులుతోందో చూస్తారు. ముక్కులో తిమ్మిరి మందు వేస్తారు, చీదరగా ఉంటుంది గానీ భరించలేనిదేమీ కాదు. ఆ తర్వాత గ్రహణ మొర్రి, అంగిలి చీలిక ఆపరేషన్లు తరచూ చేసే ప్లాస్టిక్ సర్జన్ గానీ, దవడ, ముఖం ఆపరేషన్లు చేసే మాక్సిలోఫేషియల్ సర్జన్ గానీ చూడాలి. ఎప్పుడో ఒకటి చేసేవారు కాకుండా ఇదే పనిగా చేసేవారి దగ్గరికి వెళ్లండి. మొదటిసారి చేసిందే గట్టిగా నిలవాలి.

ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ మీవారి వెనకాడటంలో అది కూడా ఉండవచ్చు. అంగిలి చీలిక ఆపరేషన్లు ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్న, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం కింద ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి ముందుగానే అడగండి. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో చాలా ఆసుపత్రులతో కలిసి ఈ ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తోంది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో కూడా గ్రహణ మొర్రి, అంగిలి చీలిక ఉన్నాయి. మాట విషయంలో పెద్ద సలహా కావాలనిపిస్తే సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇంకా దూరమైనా ఫరవాలేదంటే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

ఆపరేషన్ తప్పదా? ఈ చీలిక ఉన్న ప్రతి ఒక్కరికీ అక్కర్లేదు, మాట బాగుంటే జోలికే పోరు. మీ బాబు మాట మీరు రాసినట్టే ఉండి, కెమెరాలో సందు కనిపిస్తే మాత్రం తప్పదనే చెబుతాను. విడిపోయి తప్పు దిశలో ఉన్న కండలను తిప్పి, మధ్యలో ఒకదానితో ఒకటి కలిపి కుడతారు. 1986లో ఫర్లో అనే అమెరికన్ సర్జన్ ప్రచురించిన పద్ధతి ఇలాంటి పిల్లల్లో బాగా వాడుకలో ఉంది. అంగిలి పొడవు కూడా కాస్త పెరుగుతుంది దాంతో. సందు మరీ పెద్దదైతే గొంతు వెనక గోడ నుంచి కండ తీసి అంగిలికి కలిపే పద్ధతులున్నాయి. వాటిలో గురక పెరిగే అవకాశం ఉంది కాబట్టి మీ బాబు గురక సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పాలి. మత్తు ఇచ్చి చేస్తారు. తర్వాత కొన్ని వారాలు గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లటి పాలు. జంతికలు, చేగోడీలు ఇంట్లో కనపడకుండా దాచెయ్యండి. నోట్లో పెన్సిలు, స్ట్రా పెట్టుకోనివ్వకండి. ఇంటికొచ్చిన మర్నాడే ‘బాబాయ్ అను’ అని అడగకండి. వాపు తగ్గి కండ పని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. కొద్దిమందికి రెండో ఆపరేషన్ అవసరం పడుతుంది, అది కూడా ముందే తెలిసి ఉండటం మంచిది.

పెద్దయితే సర్దుకుంటుందన్న మీవారి మాట కొన్నింటికి నిజమే. ర బదులు ల అనే పిల్లలు, శ, స తేడా తెలియని పిల్లలు చాలామంది వాళ్లంతట వాళ్లే దిద్దుకుంటారు. విడిపోయిన కండ మాత్రం వయసుతో కలవదు. పైగా అడినాయిడ్స్ పదేళ్లు దాటాక వాటంతట అవే కరుగుతూ వస్తాయి, అప్పుడు సందు ఇంకా పెరగవచ్చు. ఇక గొంతులో ఆపే అలవాటు ఏటికేడూ ముదురుతుంది. నాలుగేళ్లు నిండిన బిడ్డ మాట కొత్తవాళ్లకు కూడా దాదాపుగా అర్థం కావాలి. మీవాడికి ఐదు దాటాయి.

నాలుక కింద తీగకూ ముక్కుమాటకూ సంబంధం లేదు, కోయించకండి. వస పొయ్యకండి. చిలక కొరికిన జామకాయ పెట్టమని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కడిగిన మంచి జామకాయ పెట్టండి, బాబు సంతోషిస్తాడు.

ఒక పరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి. ఇలాంటి అంగిలి లోపం ఉన్న కొందరు పిల్లల్లో 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం కారణమవుతుంది. వాళ్లకు గుండెలో రంధ్రం, కాల్షియం తగ్గి ఫిట్స్ రావడం, తరచూ ఇన్ఫెక్షన్లు, చదువు నెమ్మదిగా రావడం వంటివి తోడుగా ఉండవచ్చు. మీరు ఇవేవీ రాయలేదు, చాలామందికి ఉండవు కూడా. ఆపరేషన్‌కి ముందు గుండె ఒకసారి చూపించుకుని, జన్యు పరీక్ష అవసరమా అని అడిగితే సరిపోతుంది. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఆ ఆలోచన ఉన్నప్పుడే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి, స్కానింగ్ చేసే డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

గ్రహణం మాట. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వచ్చిన మాట నిజం, మన వైపు పొద్దున పాక్షికంగా కనిపించింది. ఆ రోజుకి మీకు ఐదో నెల. కడుపులో బిడ్డ అంగిలి రెండు పక్కల నుంచి పెరిగి మధ్యలో కలవడం మూడో నెలతోనే, అంటే పన్నెండు వారాలకల్లా పూర్తయిపోతుంది. కలవకపోవడం ఏదైనా జరిగి ఉంటే అప్పటికే జరిగిపోయింది. మీరు కత్తిపీట ముందు కూర్చున్నా, గదిలో తలుపులేసుకుని పడుకున్నా ఆ రోజు మార్చగలిగింది ఏమీ లేదు. గ్రహణం ఎప్పుడు వచ్చినా అది బిడ్డ పెదవినీ చీల్చదు, అంగిలినీ చీల్చదు. కొంత వంశంలో వచ్చే లక్షణాల వల్ల, కొంత ఎవరికీ అంతుపట్టని కారణాల వల్ల ఇలా జరుగుతుంది. మీ అత్తగారు కూడా మనవడి మీద దిగులుతో ఏదో ఒక కారణం వెతుక్కుంటున్నారు. ఆవిడతో గొడవపడకండి. వీలైతే ఈ పేరా వరకు ఆవిడకు చదివి వినిపించండి. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. చిన్నప్పుడు పాలు ముక్కులోంచి రావడం ఆవిడే ఎక్కువ చూసి ఉంటారు, ఆవిడ చెప్పే వివరాలు డాక్టరుకు పనికొస్తాయి.

స్కేలుతో కొట్టానని రాశారు. ఆ వాక్యం రాయడానికి మీకెంత కష్టమైందో నాకు అర్థమవుతోంది. మీకు తెలియదు. డబ్బు తీసుకుని చూసినవాళ్లకే తెలియలేదు. అయినా బాబుకి మీరు ఒక మాట బాకీ ఉన్నారు, అది మీ నోటి నుంచే రావాలి. ఏడవకుండా, పెద్ద కథ చెయ్యకుండా, అన్నం పెట్టేటప్పుడో స్నానం చేయించేటప్పుడో చెప్పండి: ‘నాన్నా, నోట్లో పైన ఒక కండ ఉంటుంది. అది పైకి లేస్తే మాట సరిగ్గా వస్తుంది. నీకు అది పుట్టినప్పటి నుంచీ అతుక్కోలేదు. అందుకే మాట ముక్కులోంచి పోతోంది. నువ్వు కావాలని చెయ్యడం లేదు. అమ్మకి తెలియక కొట్టింది, తప్పు. ఇంక కొట్టను. డాక్టరుగారు దాన్ని కుడతారు.’ వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు. రెండు రోజుల తర్వాత ఎప్పుడో వచ్చి, కుడితే నొప్పి పుడుతుందా అని అడుగుతాడు. నిజం చెప్పండి. కొంచెం నొప్పిగా ఉంటుంది, మందు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను అనండి.

అప్పటిదాకా ఇంట్లో దిద్దుబాటు ఆపెయ్యండి. ‘మామాయ్ వచ్చాడు’ అంటే, ‘అవును, బాబాయ్ వచ్చాడు, ఏం తెచ్చాడు?’ అని మీరు సరిగ్గా పలికి మాట కొనసాగించండి. మళ్లీ అనమని అడగొద్దు. చుట్టాలొస్తే వేమన పద్యం చెప్పమని నిలబెట్టొద్దు. వాడి మాట అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించకుండా, ‘చూపించు’ అనండి, లేదా ‘ఇంకోలా చెప్పు’ అనండి.

బళ్లో క్లాసు టీచరుకు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తెలివికి సంబంధించింది కాదని, అంగిట్లో లోపమని, చికిత్స మొదలైందని. నోటితో అడిగే పరీక్షలు విడిగా పెట్టమని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడగండి. డిక్టేషన్‌లో బ, మ తారుమారు చేస్తే దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కెయ్యొద్దని చెప్పండి. తాను పలికేదే వాడు రాస్తాడు. వెక్కిరించే పిల్లల సంగతి టీచరు క్లాసులో గట్టిగా చెబితే ఆగుతుంది. మీ బాబుకి సర్దుకుపొమ్మని నేర్పడం కన్నా అది ముఖ్యం.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఫోన్‌లో బాబు మాటలు వీడియో తీసుకోండి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, ‘తాత కాఫీ తాగాడు’, ‘బాబాయ్ బస్సు దిగాడు’, ‘కాకీ, చెట్టు పైకి ఎగురు’ వంటివి నాలుగు, ‘మా అమ్మ, మా నాన్న, మా మామ’ అని ఒకటి, తర్వాత వాడికిష్టమైన ఆట గురించి వాడి ఇష్టమొచ్చినట్టు రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. పుట్టినప్పటి కాగితాలు, చెవికి వాడిన మందుల చీటీలు, అడినాయిడ్స్ ఎక్స్‌రే, థెరపీ సెంటరు వాళ్లిచ్చిన రిపోర్టు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

ఆ రోజు మీవారిని కూడా సెలవు పెట్టించి తీసుకెళ్లండి. కెమెరా పెట్టినప్పుడు ఆయన్ని తెర ముందు నిలబెట్టమని డాక్టరును అడగండి. బాబు ‘పాప’ అనబోతుంటే అంగిలి లేవడం, గోడను అందుకోలేక మధ్యలోనే ఆగడం ఆయన కళ్లతో చూస్తారు. అది చూశాక ఆపరేషన్ ఎందుకన్న విషయం మీద మీరిద్దరూ ఇంక వాదించుకోనక్కర్లేదు.